బసంత్ తరువాత ఏ ఇంజిన్? ఒక పిచికారీ విమానం ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, మొదటి వారం

ఏరోనాటికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో అందరూ ఒక విమానాన్ని కాగితం మీద పూర్తిగా రూపొందించాలి. ఎక్కువ జట్లు యుద్ధ విమానాలో, వ్యాపారవేత్తల జెట్లో తీసుకుంటాయి. మా నలుగురం పొలాల మీద మందు చల్లే విమానాన్ని తీసుకున్నాం. ఒక్క పైలట్, 1,200 లీటర్ల మందు ట్యాంకు, 600 మీటర్ల మొరం రన్‌వే. రెక్కలు ఒకరికి, బరువులు, సమతౌల్యం ఒకరికి, పిచికారీ సామగ్రి ఒకరికి పోగా ఇంజిన్ నా వంతుకు వచ్చింది. నాకు కావలసిందీ అదే.

మా గైడు పూర్వం విమానాల నిర్వహణ విభాగంలో పనిచేసి రిటైరైన మాస్టారు. నేను ఇంజిన్ల జాబితాతో ఆయన దగ్గరకు వెళ్తే దాన్ని పక్కన పెట్టించారు. "ముందు ఎండ ఎంతో రాయి బాబూ. తరువాత నేల ఎంత పొడవో, అక్కడ ఏ ఇంధనం దొరుకుతుందో రాయి. ఇంజిన్ పేరు చివర రాద్దువుగాని" అన్నారు. అందుకే నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ మూడే ఉన్నాయి: 42 డిగ్రీల ఎండ, హైదరాబాద్ లాగా సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు, 600 మీటర్ల నేల. ఇంధనం ఎదుట ఖాళీ వదిలాను.

డిసెంబరు, మూడో వారం

పాత చరిత్ర చదువుతున్నాను. 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊరి దగ్గర, జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ జెన్నీ విమానంతో కటాల్పా చెట్ల తోట మీద లెడ్ ఆర్సెనేట్ పొడి చల్లాడు. ఆకులు తినే గొంగళిపురుగుల కోసం చేసిన ప్రయోగం అది. విమానంతో మందు చల్లడం అక్కడ మొదలైంది.

ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు ఈ విమానాలకు ఇంజిన్‌ను ఎంచుకున్నది డిజైనర్లు అనడం కన్నా, యుద్ధాలు మిగిల్చిన గోదాములు అనడమే నిజానికి దగ్గర. ప్రాట్ అండ్ విట్నీ సంస్థ మొట్టమొదటి ఇంజిన్ ఆర్-1340 వాస్ప్. చక్రంలో ఆకుల్లా తొమ్మిది సిలిండర్లు చుట్టూ పేర్చిన రేడియల్ ఇంజిన్ ఇది, 1925 క్రిస్మస్ ముందురోజు దీని తయారీ పూర్తయింది. మొత్తం మీద దాదాపు 35 వేలు తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో శిక్షణ విమానాలకు వాడినవి యుద్ధం అయ్యాక చవకగా అమ్ముడుపోయాయి. 600 హార్స్‌పవర్ ఇంజిన్ అంత చవకగా దొరుకుతుంటే వేరే ఇంజిన్ వైపు ఎవరు చూస్తారు? టెక్సాస్‌లో లీలాండ్ స్నో రూపొందించిన ఎయిర్ ట్రాక్టర్ తొలి విమానాలకూ ఇదే ఇంజిన్. 1960 నాటికే దీని ఉత్పత్తి ఆగిపోయినా, పాత వాటినే విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించి వాడుతూ వచ్చారు.

మన దేశంలో సంగతి వేరు. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌ఏ-31 బసంత్ ప్రత్యేకంగా ఈ పని కోసమే పుట్టింది. మొదటి రూపం చాలక దాన్ని మళ్లీ గీసి, 400 హార్స్‌పవర్ లైకమింగ్ ఐఓ-720 ఇంజిన్ పెట్టి 1972లో ఎగరేశారు. ఎదురెదురుగా నాలుగేసి చొప్పున ఎనిమిది సిలిండర్లు పడుకున్న ఇంజిన్ అది. 1980లో ఉత్పత్తి ఆపే నాటికి నలభైకి ఒకటి తక్కువగా తయారయ్యాయి. బసంత్ బొమ్మ చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. పైలట్‌ను ఎత్తున కూర్చోబెట్టి, మందు ట్యాంకును అతని ముందు పెట్టి, విమానం నేలను తాకితే ముందు ముక్కు, ట్యాంకు నలిగి మనిషి మిగిలేలా గీశారు. ఈ పద్ధతికి దారి చూపినది 1950లో టెక్సాస్‌లో ఫ్రెడ్ వీక్ బృందం ఎగరేసిన ఏజీ-1. మా విమానమూ ఆ వరుసలోనిదే కావాలి. ఇంజిన్ కూడా బసంత్‌దే కావాలని నా మనసులో ఉంది. లెక్క ఏమంటుందో చూడాలి.

జనవరి, మొదటి వారం

ముందుగా ముతక లెక్క: ఒక్కో హార్స్‌పవర్ ఎంత బరువు మోస్తోంది? బసంత్ నిండు బరువు సుమారు 2,270 కిలోలు, అంటే హార్స్‌పవర్‌కు 5.7 కిలోలు. బ్రెజిల్ వారి ఇపనేమా 1,800 కిలోలు, 300 హార్స్‌పవర్, అంటే సరిగ్గా ఆరు. రేడియల్ ఇంజిన్ పెట్టిన ఎయిర్ ట్రాక్టర్ ఏటీ-401 కూడా ఆరుకు కాస్త తక్కువే. దేశాలు వేరు, కాలాలు వేరు, డిజైనర్లు వేరు, అయినా అందరూ ఒకేచోటికి వచ్చి ఆగారు. దీన్ని మించి భారం వేస్తే పొలం చివర చెట్ల మీదుగా లేవడం కష్టమని వాళ్లందరికీ అనుభవంలో తేలి ఉంటుంది.

మా విమానం నిండు బరువు ప్రస్తుతానికి 3,100 కిలోలు. 5.7తో భాగిస్తే దాదాపు 545 హార్స్‌పవర్ కావాలి. ఐఓ-720 ఇచ్చేది 400. ఒక్కో హార్స్‌పవర్ మీద ఏడుమ్ముప్పావు కిలోలు పడుతున్నాయి. అయినా ముతక లెక్కతో దాన్ని కొట్టేయడానికి నాకు మనసొప్పలేదు. పైకి లేచే వేగాన్ని విడిగా కట్టాలి.

జనవరి, మూడో వారం

ఈ వారం పనంతా ఎండ చుట్టూనే తిరిగింది. ఇంజిన్ల పట్టికల్లో అంకెలన్నీ సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లని గాలికి ఇచ్చినవి. అక్కడ ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోలు. మన దక్కను పీఠభూమి మీద మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో అదే ఘనపు మీటరు 1.05 కిలోలే తూగుతుంది. గాలి 14 శాతం పలచబడిందన్న మాట. నేల మీద నిలబడిన విమానానికి తాను దాదాపు 1,550 మీటర్ల ఎత్తున ఉన్నట్టే లెక్క.

పలచని గాలి మూడు వైపుల నుంచి దెబ్బ తీస్తుంది. మామూలు పిస్టన్ ఇంజిన్ పీల్చే గాలి తగ్గి 400 హార్స్‌పవర్ 336కు దిగుతుంది. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి తగ్గుతుంది. రెక్కకు అదే లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, రావాలంటే ఇంకా వేగంగా పరుగెత్తాలి కాబట్టి రన్‌వే మీద పరుగూ పెరుగుతుంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి.

చల్లని రోజున మా 3,100 కిలోల విమానం ఐఓ-720తో సెకనుకు అర మీటరు చొప్పున కూడా సరిగా లేవదు. ఎండ రోజున సమతలంగా ఎగరడానికే 211 కిలోవాట్లు కావాలి. ప్రొపెల్లర్ గాలికి అందించగలిగేది 175. అంటే అసలు లేవదు. పరుగు 840 మీటర్లు దాటుతోంది. మనకున్నది 600.

ట్యాంకును తగ్గించి, బరువు బసంత్ స్థాయికి తెచ్చి కూడా చూశాను. ఎండ రోజున సెకనుకు మీటరు కూడా రాలేదు. మూడు మీటర్ల ఎత్తున మందు చల్లుకుంటూ వచ్చి, చేను చివర కరెంటు తీగల మీదుగా నిండు బరువుతో లేవాల్సిన పైలట్‌కు అది చాలదు. ఐఓ-720 పేరు మీద గీత పెట్టాను. బాధగానే ఉంది.

ఆర్-1340కి గాలిని కుదించి పంపే సూపర్‌చార్జర్ ఉంది. టేకాఫ్‌లో 600, సుమారు 1,500 మీటర్ల ఎత్తు దాకా నిరంతరంగా 550 హార్స్‌పవర్ ఇస్తుంది. ఎండ రోజున మా విమానం సెకనుకు రెండున్నర మీటర్లు లేస్తుంది. పరుగు 500 మీటర్లు. 1925 నాటి ఇంజిన్ ఈ పరీక్షలో నిలబడింది. దాని మీద నాకు గౌరవం పెరిగింది.

జనవరి చివర

ఇంధనం గడి నింపడానికి ఒక ఎయిర్‌ఫీల్డుకు వెళ్లి, అక్కడి మెకానిక్‌లతో చాలాసేపు మాట్లాడాను. ఆర్-1340 తాగేది ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. మన దేశం దాన్ని ఏళ్ల తరబడి దిగుమతి చేసుకుంది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ తన గుజరాత్ రిఫైనరీలో తయారుచేసిన ఏవ్‌గ్యాస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అది మంచి మార్పే. కానీ ఫ్లయింగ్ స్కూళ్లకు పీపాల్లో చేరే ఇంధనం జిల్లాలోని మొరం రన్‌వేకు రోజూ చేరుతుందా? పైగా లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం కలిపిన పెట్రోలు అది. తిండి పంట మీద మూడు మీటర్ల ఎత్తున రోజంతా ఎగిరే విమానంలో సీసం కాల్చడం నాకు నచ్చలేదు. ఇది లెక్కల్లోకి రాని కారణమే, అయినా నోటుపుస్తకంలో రాశాను.

ఏటీఎఫ్ సంగతి వేరు. శుద్ధిచేసిన కిరోసిన్ లాంటి ఈ జెట్ ఇంధనం ప్రయాణికుల విమానాలు దిగే చోటల్లా ఉంటుంది. శంషాబాద్, గన్నవరం, విశాఖ, తిరుపతి, రాజమండ్రి, కడప, ఎక్కడి నుంచైనా ట్యాంకరులో తేవచ్చు. అంత తేలికగా మండదు కాబట్టి ప్రమాదంలో మనిషికి కొంత వ్యవధి దొరుకుతుంది.

ఇథనాల్ దారినీ వదల్లేదు. ఇపనేమా 202ఏ రకం 2004లో ఇథనాల్‌తో ఎగిరేందుకు ధ్రువపత్రం పొందింది. కంపెనీ నుంచే ఇథనాల్ విమానంగా వచ్చిన మొదటిది అదే. చెరకు దేశానికి తగ్గ ఆలోచన. పెట్రోలుతో 300 హార్స్‌పవర్ ఇచ్చే లైకమింగ్ ఇంజిన్ ఇథనాల్‌తో 320 ఇస్తుంది. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి ట్యాంకు పెద్దది కావాలి. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి ఇథనాల్ తీస్తున్న మన రాష్ట్రాలకు ఇది బాగా నప్పేదే. కానీ 320 హార్స్‌పవర్ మా బరువుకు చాలదు. ఎవరైనా చిన్న విమానం గీస్తే ఈ దారిలో వెళ్లమని గట్టిగా చెబుతాను.

బ్యాటరీల లెక్క ఒక్క పేజీలో ముగిసింది. సగటున 300 కిలోవాట్ల చొప్పున గంట ఎగరాలంటే, కిలోకు 250 వాట్-అవర్ల బ్యాటరీలు 1,200 కిలోలు కావాలి. మందు పోయాల్సిన బరువంతా బ్యాటరీలకే సరిపోతుంది.

ఫిబ్రవరి, రెండో వారం

ఈ వారం నోటుపుస్తకం మూసేసి, నమూనాల మీదికి గాలిని వేగంగా పంపి పరీక్షించే విండ్ టన్నెల్ గదిలో పనిచేశాం. నాజిళ్లు బిగించే గొట్టం, అంటే బూమ్, రెక్క వెనక అంచు కింద ఈ చివర నుంచి ఆ చివరకు వేలాడుతుంది. అది ఇంజిన్ శక్తిని ఎంత తింటోందో తేల్చాలి.

మా రెక్క పొడవు 14 మీటర్లు, బూమ్ పది. రెక్క పొడవులో దాదాపు 70 శాతం దగ్గర ఆపడానికి కారణం రెక్క కొసల్లో పుట్టే గాలి సుడులు. బూమ్ అక్కడి దాకా సాగితే సుడి మందు తుంపరను పైకి లాగి పక్క పొలాల్లోకి, ఇళ్ల మీదికి మోసుకుపోతుంది. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లాక అక్కడి జనం పడిన బాధ తెలిసిన దేశంలో, ఈ కొలతను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. మా జట్టులో పిచికారీ భాగం చూస్తున్న అమ్మాయి రెక్క పొడవు మారినా ఈ నిష్పత్తి మారకూడదని మొదటి రోజే పట్టుబట్టింది.

30 మిల్లీమీటర్ల గుండ్రని గొట్టం ముక్కను టన్నెల్లో నిలిపి, సెకనుకు 35 మీటర్ల గాలిలో డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, కొలిచాం. డ్రాగ్ గుణకం 1.1 చుట్టూ వచ్చింది. దాన్ని పది మీటర్లకు, సెకనుకు 50 మీటర్ల పని వేగానికి పెంచితే ఒక్క గొట్టమే 34 హార్స్‌పవర్ తింటోంది. తరువాత గొట్టం వెనక బాల్సా చెక్కతో చేప తోకలా సన్నబడే తొడుగు అతికించి మళ్లీ కొలిచాం. గుణకం 0.2కు పడిపోయింది. ఇప్పుడు తినేది ఆరు హార్స్‌పవర్. ప్రొపెల్లర్ దగ్గర పోయే వాటాను కూడా కలిపితే, ఇంజిన్ షాఫ్టు మీద 40 హార్స్‌పవర్ మిగిలింది.

టన్నెల్ ఆపాక కూడా మేం ఆ చెక్క తొడుగును చేతిలో పట్టుకునే మాట్లాడుకున్నాం. నిండు బరువుతో పైకి లేచే వేగం సెకనుకు అర మీటరుకు పైగా పెరిగింది. ఏ ఇంజిన్ పెట్టినా ఈ లాభం ఉంటుంది. ఇకపై ఇంజిన్‌ను హార్స్‌పవర్ అడిగే ముందు విమానమంతా ఒకసారి చేతితో తడిమి చూడాలని నిర్ణయించుకున్నాను. చక్రాల కాళ్లు, ట్యాంకు కింది గేటు, పంపును తిప్పే చిన్న గాలిమర, అన్నీ వరుసలో ఉన్నాయి.

ఫిబ్రవరి చివర

టర్బైన్ ఇంజిన్‌ను, అంటే ఏటీఎఫ్ మండితే వచ్చే వేడి వాయువుతో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్‌ను, రేడియల్‌తో పోల్చి చూస్తే బరువుల్లో తేడా నమ్మశక్యంగా లేదు. ఆర్-1340 ఒక్కటే దాదాపు 422 కిలోలు. ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీటీ6ఏ-34ఏజీ సుమారు 150 కిలోలు, ఇచ్చేది 750 హార్స్‌పవర్. మొదటిది 1.3 మీటర్ల వ్యాసంతో ఎదురుగాలికి గోడలా నిలబడుతుంది, రెండోది అర మీటరు లోపే. ప్రొపెల్లరు, బిగింపు చట్రం, ఆయిలు అన్నీ కలిపి మా అంచనాలో రేడియల్ వైపు 560 కిలోలు, టర్బైన్ వైపు 300.

ఇక్కడ బరువుల లెక్క చూస్తున్న మిత్రుడు అడ్డు తగిలాడు. ముక్కులో 260 కిలోలు తగ్గితే విమానం తోక మీద కూర్చుంటుంది. కావడి మోసేవాడు తేలిక కుండను కొసకు జరిపినట్టు ఇంజిన్‌ను ముందుకు జరపాలి. రేడియల్ గురుత్వ కేంద్రానికి 1.9 మీటర్ల ముందుంటే, టర్బైన్ 3.5 మీటర్ల ముందుకు పోవాలి. బ్యాటరీలను ముక్కులోకి తెస్తే 3.2 సరిపోతుంది. టర్బైన్ పెట్టిన పిచికారీ విమానాలన్నింటికీ ఆ పొడవైన ముక్కు ఎందుకుంటుందో నాకు ఇప్పుడు ఒంటికి పట్టింది.

అంత పొడవు ముక్కు పెడితే పైలట్‌కు ముందు నేల కనిపిస్తుందా? అది తేల్చడానికి వర్క్‌షాపు నేల మీద విమానం పక్క రూపాన్ని నిజమైన కొలతలతో సుద్దతో గీశాం. తరువాత వెదురు, అట్టలతో రెండు ముక్కులు కట్టాం, ఒకటి లావుగా పొట్టిగా, ఇంకొకటి సన్నగా పొడవుగా. కాక్‌పిట్ ఎత్తులో బల్ల మీద కుర్చీ వేసి ఒకరి తరువాత ఒకరం కూర్చున్నాం. దారం కట్టి కోణాలు కొలిస్తే లావు ముక్కు మీదుగా కిందికి ఎనిమిది డిగ్రీలు కనిపిస్తోంది, పొడవు ముక్కు మీదుగా దాదాపు తొమ్మిది. ముక్కు పొడవైనా సన్నబడింది కాబట్టి చూపు తగ్గలేదు. పక్కలకు చూస్తే తేడా ఇంకా ఎక్కువ. మాస్టారు కూడా కుర్చీ ఎక్కి కూర్చుని, అటూ ఇటూ తల తిప్పి చూశారు. "ఇందులో నుంచి కరెంటు స్తంభం కనిపిస్తుంది, దానిలో నుంచి కనిపించదు" అని పొడవు ముక్కునే చూపించారు. స్తంభం కనిపిస్తే తీగ ఎక్కడుందో తెలుస్తుంది. పిచికారీ పైలట్లను బలిగొనే వాటిలో తీగలు ముఖ్యమైనవి.

ఇంధనం మాత్రం టర్బైన్‌కు ఎక్కువ కావాలి. సగటు పనికి గంటకు 150 లీటర్ల ఏటీఎఫ్, రేడియల్‌కు దాదాపు 127 లీటర్ల ఏవ్‌గ్యాస్. రెండు గంటలకు బరువులో తేడా 60 కిలోల లోపే. ఇంజిన్‌లో మిగిలిన 260 నుంచి అది తీసేసినా ఇంకా 200 కిలోలు మందుకు మిగులుతాయి.

మార్చి, రెండో వారం

టర్బైన్ అని తేలాక ఏ టర్బైన్ అన్నది మిగిలింది. పీటీ6ఏకి గట్టి పోటీ టీపీఈ331. థ్రష్, ఎయిర్ ట్రాక్టర్ వంటి విమానాలకు రెండూ పెట్టారు, రెండింటికీ ప్రాణమిచ్చే పైలట్లున్నారు. టీపీఈ331లో గాలిని కుదించే కంప్రెసర్, టర్బైన్, గేరుబాక్సు, ప్రొపెల్లరు ఒకే షాఫ్టుతో ముడిపడి ఉంటాయి. ఎగిరేటప్పుడు అది ఎప్పుడూ దాదాపు పూర్తి వేగంతో తిరుగుతుంటుంది కాబట్టి లివరు తోసిన క్షణమే శక్తి అందుతుంది. ఇంధనం కూడా కొంత తక్కువే తాగుతుంది. పీటీ6ఏలో కంప్రెసర్‌ను తిప్పే టర్బైన్ వేరు, ప్రొపెల్లర్‌ను తిప్పేది వేరు. రెండింటి మధ్య వేడి వాయువు తప్ప ఇనుప బంధం లేదు. లివరు తోశాక శక్తి అందడానికి కాస్త వ్యవధి పడుతుంది.

కాగితం మీద టీపీఈ331 ముందుంది. అయినా నా నిర్ణయాన్ని మార్చింది మందు నింపే మనిషి. ఈ విమానాలు గంటలో చాలాసార్లు దిగి, ఇంజిన్ ఆపకుండానే ట్యాంకు నింపుకుని మళ్లీ లేస్తాయి. గొట్టం పట్టుకుని రెక్క పక్కన నిలబడే కుర్రాడు రోజంతా ప్రొపెల్లర్‌కు నాలుగడుగుల దూరంలోనే ఉంటాడు. పీటీ6ఏలో ఐడిల్ వేగంలో ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచుగా తిప్పి ఉంచవచ్చు, అది నెమ్మదిగా తిరుగుతుంది, వెనక్కి గాలి దాదాపు కొట్టదు. టీపీఈ331 నేల మీద కూడా హోరుమంటూనే ఉంటుంది. ఆ కుర్రాడి చెవులు, ఊపిరి, ప్రాణం నాకు గంటకు కొన్ని లీటర్ల ఇంధనం కన్నా ఎక్కువ. ఈ మాట సమీక్షలో కూడా ఇలాగే చెబుతాను.

మూడో పేరు కూడా ఉంది, జర్మనీకి చెందిన ఆర్‌ఈడీ ఏ03. పన్నెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 500 హార్స్‌పవర్, జెట్ ఇంధనంతోనే నడుస్తుంది. ఇంధనం టర్బైన్ తాగే దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ అంకెలు చూస్తే ఆశ పుడుతుంది. 363 కిలోల బరువు, దాని మీద నీటి రేడియేటర్లు కూడా మోయాలి. 42 డిగ్రీల ఎండలో, జిగురు మందు తుంపరలో రేడియేటర్ల సన్నని రేకుల మధ్య గాలి ఆడదేమోనన్నదే నా భయం. రెండో స్థానంలో ఉంచాను.

పీటీ6ఏకి తన బలహీనతలు లేకపోలేదు. గాలి పీల్చే ద్వారం ఇంజిన్ వెనక వైపు ఉండటం మొరం దుమ్ములో మేలే, అయినా పెద్ద ఫిల్టరు తప్పనిసరి. గంధకం చల్లే పనుల్లో, ఎరువు చల్లే పనుల్లో ఆ ధూళి లోపలి వేడి భాగాలను కొరికేస్తుంది. అందుకే రోజు పని ముగిశాక కంప్రెసర్‌ను శుద్ధమైన నీటితో కడగాలి. స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ నీరసంగా ఉంటే టర్బైన్ ఉష్ణోగ్రత క్షణాల్లో హద్దు దాటి, ఖరీదైన భాగాలు కాలిపోతాయి. నీళ్ల ట్యాంకు, చార్జింగ్ బండి మా గ్రౌండ్ సామగ్రి పట్టికలోకి వచ్చాయి.

మార్చి చివర, సమీక్ష

సమీక్షలో మొదటి ప్రశ్న నేను ఎదురుచూసిందే. ఎకరా రెండెకరాల కమతాలున్న మన ఊళ్లలో, పది లీటర్ల ట్యాంకుతో డ్రోన్లు తిరుగుతుంటే ఈ విమానం ఎందుకు? నా జవాబు: ఎకరా చేనుకు డ్రోనే సరైనది, అందులో సందేహం లేదు. మా విమానం సెకనుకు 50 మీటర్ల వేగంతో, 20 మీటర్ల వెడల్పున చల్లుతుంది, పది సెకన్లలో హెక్టారు. హెక్టారుకు 25 లీటర్ల చొప్పున ఒక్క నింపుతో 48 హెక్టార్లు. అంత నేలకు ఒకేసారి మందు కావలసిన రోజులు తక్కువే, కానీ వచ్చినప్పుడు ఆలస్యం పనికిరాదు. 2020లో రాజస్థాన్ మీదికి మిడతల దండు వచ్చినప్పుడు ప్రభుత్వం డ్రోన్లతో పాటు 250 లీటర్ల మందు మోసే హెలికాప్టర్‌ను దింపింది. మా విమానం అలాంటి రోజుల కోసం.

రెండో ప్రశ్న డబ్బు గురించి. టర్బైన్ ఖరీదు పాత రేడియల్‌కు అనేక రెట్లు. ఇది నిజం. రేడియల్‌ను వెయ్యి గంటలు దాటాక కొద్దికాలంలోనే పూర్తిగా విప్పాలి, పీటీ6ఏ మూడు వేల గంటలకు మించి నడుస్తుంది. రేడియల్ విడిభాగాలు ఏటేటా తరుగుతున్న పాత సరుకు. ఏడాదికి వంద గంటలు ఎగిరేవారికి టర్బైన్ గిట్టదు, నాలుగైదు వందల గంటలు ఎగిరేవారికి గిడుతుంది. మా ప్రాజెక్టు రెండో రకం వారి కోసం. ఇది ఒప్పుకుంటేనే మిగతా లెక్కలు నిలుస్తాయని కమిటీకి స్పష్టంగా చెప్పాను.

మూడో ప్రశ్న నాకు చాలా నచ్చింది: 545 హార్స్‌పవర్ చాలన్న విమానానికి 750 ఎందుకు? పీటీ6ఏ-34ఏజీ తన పూర్తి శక్తిని సముద్రమట్టం దగ్గర దాదాపు 30 డిగ్రీల దాకా ఇస్తుంది. ఆపైన లోపలి ఉష్ణోగ్రత హద్దు వల్ల శక్తి తగ్గుతుంది. మా 42 డిగ్రీల రన్‌వే మీద 630 హార్స్‌పవర్ దాకా దొరుకుతుందని అంచనా. అందులో 600 మాత్రమే వాడతాం. పైలట్ లివరును ఆ గీత దాటించనక్కర్లేదు. టేకాఫ్ పరుగు 460 మీటర్లు, 600 మీటర్ల రన్‌వేలో 140 మిగులు. బూమ్ తొడుగు వల్ల వచ్చే లాభం దీని మీద అదనం. చల్లని రోజున మిగిలే శక్తిని ఎక్కువ మందు మోయడానికి వాడకూడదని బరువు హద్దును 3,100 దగ్గరే కట్టేశాం. ఇంజిన్ వేడెక్కకుండా నడిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది, ఎండ రోజున పైలట్ తీగల మీదుగా లేవగలుగుతాడు.

కమిటీ ఇంజిన్‌ను ఆమోదించింది. మూడు షరతులు పెట్టింది: పొడవు ముక్కు వల్ల నిలువు తోక వైశాల్యం మళ్లీ కట్టాలి, ప్రొపెల్లర్ గాలి సుడి తుంపరను కుడి నుంచి ఎడమకు తోస్తుంది కాబట్టి నడుమ భాగంలో నాజిళ్ల అమరిక మార్చాలి, ఫిల్టరు మూసుకుపోతే శక్తి ఎంత తగ్గుతుందో పట్టిక వేయాలి.

ఏప్రిల్, మొదటి వారం

తోక లెక్క మొదలైంది. ముక్కు 1.3 మీటర్లు పెరిగితే నిలువు తోక దాదాపు ఆరో వంతు పెద్దది కావాలని తొలి అంచనా. తోక పెరిగితే వెనక బరువు పెరుగుతుంది, దాంతో ఇంజిన్ మరికాస్త ముందుకు జరగాలి. ఈ రెండూ ఎక్కడ కుదురుతాయో తేల్చడానికి సుద్ద బొమ్మ పక్కనే వెదురు తోకను కూడా కడుతున్నాం. నాజిళ్ల అమరికకు టన్నెల్‌ను వచ్చే సోమవారం నుంచి ఇస్తామన్నారు. బూమ్ రెండో ముక్కకు బాల్సా చెక్క కోయడం పూర్తయింది, ఇక జిగురు ఆరాలి.